టేపుకి చుట్టరికం

ఫోన్‌లో దర్జీలకని ఒక ఫోరం ఉంది. ఎవరైనా సందేహం అడిగితే మిగతావాళ్లు జవాబు రాస్తారు. జవాబు నచ్చినవాళ్లు ఓటేస్తే, రాసినవాళ్లకి పాయింట్లొస్తాయి. అక్కడ పెత్తనం మా ఆయనది.

ఇవాళ మా తమ్ముడికి పది పాయింట్లు కోసేశారు.

“వాళ్లావిడే వేరే పేరుతో ఓటేసింది. పట్టేశా!” అన్నారు, గుడ్డ కత్తిరిస్తూ.

“సొంత బావమరిదేగా, పోనిద్దురూ.”

“టేపుకి చుట్టరికం తెలీదు. నన్ను చూడు, నాకు ఓటేసేవాళ్లంతా ముక్కూ మొహం తెలియనివాళ్లే. ఆ ‘సూదిమొన’ అనే పెద్దాయనైతే నా జవాబు ఒక్కటీ వదలరు. మొన్న చంక కుట్టు గురించి సగమే రాసి పొరపాటున పంపేశానా, దానికీ వేశారు! పనితనం తెలిసిన మనిషి.”

నేను కాజా ముగించి దారం పంటితో తెంపాను.

“ఆయన్ని ఒకసారి భోజనానికి పిలవాలోయ్.”

“పిలవక్కర్లేదండీ. రోజూ మీకు వడ్డించి, మీ పక్కనే కూర్చుని తింటున్నారుగా.”

కత్తెర ఆగిపోయింది.

సాయంత్రానికల్లా తమ్ముడి పది పాయింట్లూ తిరిగొచ్చాయి. సూదిమొన ఓట్లు ఒక్కటీ పోలేదు. టేపుకి చుట్టరికం తెలిసొచ్చినట్టుంది.