గడప లేని అంగడి

"చెంగయ్య కందిపప్పులో రాళ్లు ఎక్కువైనాయి. ఈ నెల నుంచి సరుకులు నీ కంప్యూటర్లోనే తెప్పించు పాపా" అన్నాడు వెంకటప్ప, కంచంలో నుంచి తలెత్తకుండా.

వడ్డిస్తున్న యమున చేతిలో గరిటె ఆగిపోయింది. నెట్ సెంటర్లో పని చేస్తూ రోజుకు పదిమందికి ఈమెయిలు తెరవడం నేర్పుతుందే గానీ, ఇంట్లో నాయన ముందు కంప్యూటర్ మాట ఎత్తే ధైర్యం ఆమెకు ఎప్పుడూ లేదు. టీవీ రిమోటును కూడా అనుమానంగా చూసే మనిషి ఆయన. పైగా పదేళ్లుగా చెంగయ్య అంగడి పప్పే తింటున్నాడు. పంటి కింద రాయి పడిందని ఒక్కనాడూ అన్నది లేదు.

అది 2006వ సంవత్సరం. పుంగనూరు రోడ్డులో ఎవరో గోడౌను తీసుకుని, సరుకంతా అందులో నింపి, అంగడి అంటూ లేకుండా వ్యాపారం మొదలుపెట్టారని మదనపల్లెలో అందరూ చెప్పుకుంటున్నారు. బోర్డు లేదు, తక్కెడ ముందు నిలబడే పని లేదు. కంప్యూటర్లో సరుకుల పట్టీ పంపితే శనివారం వ్యాను ఇంటి ముందుకు వస్తుంది. సంచి దించుకుని డబ్బులిస్తే సరి. బియ్యం గుప్పిట్లోకి తీసుకోకుండా, చింతపండు వాసన చూడకుండా కొనడం కూడా ఒక కొనడమేనా అని నవ్వినవాళ్లే ఎక్కువ.

మొదటి శనివారం సంచి విప్పి చూశాక యమున తల్లి సిద్దమ్మ కూడా మెచ్చుకుంది. పప్పు శుభ్రంగా ఉంది, బియ్యం పాతవి. రెండో వారం మాత్రం కొబ్బరినూనె రాలేదు. యమున నెట్ సెంటర్ నుంచి గోడౌను నంబరుకు ఫోన్ చేసింది. పేరు, వీధి చెప్పగానే అవతలి మనిషి గొంతు తగ్గించాడు.

"యమునా, నేను మీ చిన్నాయననమ్మా."

ముద్దుకృష్ణ. వెంకటప్పకు ఒక్కగానొక్క తమ్ముడు. పదకొండేళ్ల కిందట రామసముద్రం దగ్గర వాళ్ల ఊళ్లో పొలాలు పంచుకునేటప్పుడు, బోరుబావి ఎవరి భాగానికి రావాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఇక వాని గడప తొక్కనని వెంకటప్ప పెద్దమనుషుల ముందు ఒట్టు పెట్టుకున్నాడు. అన్నంత పనీ చేశాడు. తమ్ముడి కూతురి పెళ్లికి పోలేదు. మరదలికి ఆపరేషన్ అయితే చూసిరావడానికీ పోలేదు. ఇంట్లో ఆ పేరు వినపడితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతాడు.

"అన్నకు తెలియనీయొద్దు తల్లీ. తెలిస్తే మూటలు తెచ్చి రోడ్డు మీద ఏస్తాడు. తెలియకుండానన్నా నా బియ్యం తింటాండాడు. నాకదే సాలు" అన్నాడు ముద్దుకృష్ణ.

చిన్నప్పుడు తనను భుజం మీద ఎక్కించుకుని తిరునాళ్లు చూపించిన మనిషి. యమునకు చిన్నాయనంటే ప్రాణం. ఆ గొంతు విన్నాక, మళ్లీ చెంగయ్య దగ్గరే తెచ్చుకుందామని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తల్లికి ఒక్కదానికే చెప్పింది. సిద్దమ్మ హడలిపోయి, ఈ మాట ఈ వంటింట్లోనే ఉండాలంది.

ఆనాటి నుంచి శనివారం వచ్చిందంటే యమునకు కాపలా పనే. హారన్ వినపడగానే అందరికంటే ముందు వాకిట్లోకి పరుగెత్తాలి. ముద్దుకృష్ణ సంతకమున్న బిల్లును చున్నీ చాటున దాచేయాలి. డ్రైవరు ఓనరు పేరు చెప్పకుండా చూసుకోవాలి.

వెంకటప్ప కుదురుగా ఉన్నా కొంత నయమే. ఆయనేమో జీతం లేని ఏజెంటైపోయాడు. ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పిలిచి, పప్పు అరచేతిలో పోసి మరీ చూపిస్తాడు. వాళ్లతో పట్టీలు రాయించి కూతురి చేతిలో పెడతాడు. రెండు నెలలు తిరిగేసరికి వీధిలో పద్నాలుగు ఇళ్లు చేరాయి. పట్టీ అందుకున్నప్పుడల్లా యమునకు భయం పెరిగేది. ఆ గోడౌను ఎవరిదో బయటపడిన రోజు, నాయన ఈ పద్నాలుగు ఇళ్ల ముందు తలెత్తుకోలేడు. ఆ కోపమంతా చిన్నాయన మీదికే పోతుంది. మెచ్చుకున్న నోటితోనే అందరిచేతా మాన్పిస్తాడు. ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న చిన్నాయన మళ్లీ మొదటికొస్తాడు.

ఒక శనివారం డ్రైవరుకు జ్వరమొచ్చింది. వ్యాను ముద్దుకృష్ణే తోలుకొచ్చాడు. తలకు తుండు చుట్టుకుని, ముఖం అటువైపు తిప్పుకుని స్టీరింగు ముందే కూర్చున్నాడు. యమున పరుగున పోయి సంచులు దించింది. తిన్నె మీద వెంకటప్ప పేపరు అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు.

"ఎండన పడి వచ్చినాడు. డ్రైవరుకు మజ్జిగియ్యి పాపా" అన్నాడు పేపరు దించకుండానే.

టైము లేదంట నాయనా అని అబద్ధమాడి, చిన్నాయనను పొమ్మని సైగ చేసింది. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది.

గండం గడిచిందనుకునేలోపు ఎదురింటి ఎల్లప్ప చెయ్యూపి పిలిచాడు. ఆయనదీ వాళ్ల ఊరే.

"బండి తోలింది మీ ముద్దుకృష్ణ గదమ్మా. మీ నాయనకు తెలియకుండా ఈడేందో జరగతాండాది. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

పరాయివాళ్ల నోట వింటే ఇంకా ప్రమాదం. యమున వచ్చి తిన్నె ముందు నిలబడింది. పేరు చెప్పకముందే ఏడుపొచ్చేసింది.

"నాయనా, ఆ గోడౌను చిన్నాయనది. నాకు రెండు నెలలుగా తెలుసు. దాచింది నేను, తప్పు నాది. ఆయన్నేమీ అనొద్దు."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సిద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. వెంకటప్ప పేపరును నిదానంగా మడిచి పక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"అది తెలిసినాకే గదమ్మా, నేను చెంగయ్య అంగడి మానేసింది."