నూట పదకొండు సార్లు చచ్చినవాడు

పదిన్నరకి గస్ మెలాస్‌ని గుర్రానికి కట్టి ఈడ్చారు. రాళ్లు, ముళ్లు, దుమ్ము. ఒక బండరాయి దగ్గర వీపు ఎగిరిపడి మళ్లీ నేలకి కొట్టుకుంది.

“అయ్యో, అబ్బాయ్!” అంటూ కల్యోపి పక్క కుర్చీలో ఉన్న అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇక్కడే ఉన్నానమ్మా. ఇదిగో, చూడు. నిక్షేపంలా ఉన్నాను.”

ఆవిడ అతని మోచెయ్యి, భుజం, మెడ తడిమి చూసుకుంది. ఈలోగా టీవీలో గస్ మొహం తెరనిండా కనబడింది. నోట్లోంచి నెత్తురు కారుతోంది. షెరిఫ్‌ని నోరారా తిట్టి ప్రాణం విడిచాడు. ఈసారి ఆవిడ తాపీగా నువ్వుల బిస్కట్టు కాఫీలో ముంచుకుని తింది.

కల్యోపికి తొంభై నాలుగేళ్లు. చూపు ఆనదు, టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుంటుంది. మతి కూడా చెదురుతోందని అతని అనుమానం. సినిమా చావుకీ నిజం చావుకీ తేడా తెలియక బెదిరిపోతోందని భయం. పోయిన నెల డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు, ఇంకొక్క దెబ్బ తగిలితే ఈ గుండె నిలవదని. అందుకే ఇవాళ పొద్దున్నే హాలీవుడ్ దగ్గర బర్‌బాంక్‌లోని ఆవిడ చిన్న ఇంటికి వచ్చి, కుంటికాలు చాపుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

ఏటా ఈ తేదీకి టీవీలో గస్ ఉత్తమ చిత్రాలంటూ నాలుగు వరసగా వేస్తారు. నాలుగే ఎలా ఎంచుతారో వాళ్లకే తెలియాలి. గస్ వేసినవి నూట ముప్పై. నూట పదకొండింటిలో చచ్చాడు. పోస్టరు మీద పేరు మాత్రం అట్టడుగున చీమంత. హీరో మొనగాడని తేలాలంటే ఎవడో ఒకడు తన్నులు తినాలి కదా. పాతికేళ్లపాటు హాలీవుడ్‌లో ఆ ఎవడో ఒకడు గస్ మెలాసే. ఒక్క బహుమతి ఇచ్చిన పాపాన పోలేదు దొంగ సచ్చినోళ్లు.

రెండో సినిమాలో మూడో అంతస్తు కిటికీలోంచి తోసేశారు. గాజు భళ్లున పగిలింది. మనిషి వెల్లకిలా గాల్లో తిరిగి కారు టాపు మీద పడ్డాడు. టాపు సొట్టపోయింది. కల్యోపి గోళ్లు అతని అరచేతిలో దిగబడ్డాయి.

“ఇక్కడే ఉన్నానమ్మా.”

“నడుము నొప్పిగా ఉందా?”

“ఎప్పటి నడుమమ్మా అది! ఇప్పుడేం లేదు.”

ఆవిణ్ణి చూసుకోవడానికి ఈ వారమే చేరిన మారిసెల్ వంటింట్లోంచి తొంగిచూసింది.

“సార్, ఆ పడ్డది మీరేనా? బాబోయ్! ఎంతమందిని చంపారు సార్ మీరు?”

“చంపింది తక్కువ తల్లీ, చచ్చింది ఎక్కువ.”

“చూస్తే సాధువులా ఉన్నారు. టీవీలో ఏమో రాక్షసుడిలా...”

“మొహానికి వేసే రంగులో ఉంటుందిలే అదంతా.”

మూడో సినిమాలో జైలు వంటగదిలో పొడిచారు. కత్తి పిడి దాకా దిగింది. గస్ కళ్లు తేలేశాడు, పేగులు పట్టుకుని కూలబడ్డాడు, రెండు నిమిషాలు కొట్టుకున్నాడు. మారిసెల్ కళ్లు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది. ఇదేం చావు దేవుడా అని అతనికే ఒళ్లు జలదరించింది.

కల్యోపి మాత్రం ఆవలించింది. “సూప్‌లో నిమ్మకాయ పిండావా పిల్లా?” అని అడిగింది.

మతి పూర్తిగా పోయిందనుకున్నాడు అతను. బాధేసింది. లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి మారిసెల్‌తో మెల్లగా అన్నాడు.

“చివరి సినిమా అయ్యాక తెర మీద తెల్లగా రెండు వరసల అక్షరాలు పడతాయి. అవి ఆవిడ కంటపడకూడదు. ఆలోపే కట్టేయాలి.”

“ఏముంటుంది సార్ అందులో?”

“ఏదో ఉంటుందిలే. డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పాను కదా?”

సాయంత్రం అయిదున్నరకి గస్‌ని తగలబెట్టారు.

పడవల రేవులో పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీశారు. మనిషి నిలువునా అంటుకున్నాడు. చెక్కల వంతెన మీద పరుగెత్తుతున్నాడు. కోటు, టోపీ, వీపు, అంతా మంటే. కల్యోపి కుర్చీలోంచి సగం లేచిపోయింది. అతని చొక్కా కాలరు పట్టుకుని లాగింది. మెడ వెనక ముడతలు పడిన పాత కాలిన మచ్చ మీద అరచెయ్యి అదిమిపెట్టింది, మంట ఆర్పుతున్నట్టు.

“అమ్మా, అమ్మా! ఇక్కడే ఉన్నాను. చల్లారిపోయింది. ఎప్పుడో చల్లారిపోయింది.”

మనిషి నీళ్లలో పడ్డాడు. హీరో ఒడ్డుకి లాగాడు. గస్ మొహం తెరనిండా వచ్చింది. బొబ్బలెక్కిన పెదాలతో ఆఖరి మాట చెప్పి తల వాల్చేశాడు. కల్యోపి నెమ్మదిగా వెనక్కి వాలి, ఇంకో బిస్కట్టు తీసుకుంది.

అతను రిమోట్ కోసం చెయ్యి చాచాడు. బల్ల మీద లేదు. కుర్చీ కింద వెతికాడు. లేదు. మారిసెల్ సోఫా దిండ్లన్నీ ఎత్తి చూసింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు మెల్లగా తేలుతున్నాయి.

ఒక్క ఉదుటున లేచాడు. మోకాలు కలుక్కుమన్నా ఆగలేదు. ఆవిడకి వీపు పెట్టి, రెండు చేతులూ చాపి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

వెనక నుంచి ఆవిడ నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే, ఒళ్లోని శాలువా కింద నుంచి రిమోట్ తీసి చూపిస్తోంది.

“జరుగు నాయనా, మొహం చూపించినప్పుడు నాకేం భయం లేదు, నా కొడుకు గస్ పోయి ఇవాళ్టికి పదేళ్లని ఆ అక్షరాలు చెప్పకపోయినా నాకు తెలుసు, వీపు చూపించినప్పుడే గుండె జారిపోతుంది, వాడి బదులు ఆ దెబ్బలన్నీ తిన్న డూపువి నువ్వొక్కడివేగా నాకు మిగిలింది.”