మూడో పేరా

“హెడ్డింగు మూడు ముక్కల్లో ఉండాల బాబాయ్. పైన ఒక ఫొటో. పేరా అయిదు లైన్లు దాటకూడదు,” అన్నాడు అనిల్ కుమార్.

దేముడు బుద్ధిగా తలూపాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ముప్ఫై రెండేళ్ళ కుర్రాడి ముందు కొత్త అప్రెంటిస్‌లా కుర్చీ అంచున కూర్చున్నాడు.

కూర్చోడా మరి! ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో బ్లాగుల విషయంలో అనిల్ మాటంటే మాటే. ఊళ్ళోని తిండి దుకాణాల మీద అతను బెంగాలీలో నడిపే బ్లాగును వేలమంది చదువుతారు. తెలుగు సంఘం సభల్లో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించేదీ అతనే. అంతటివాడు ఆదివారం పూట పని మానుకుని సలహాలు చెబుతున్నాడంటే దేముడి అదృష్టమే అనుకోవాలి.

నెల రోజుల క్రితం దేముడి చేత బ్లాగు తెరిపించింది కూడా అనిలే. వారం వారం ఒకే రోజున రాయమన్నాడు. రంగురంగుల అక్షరాలు వద్దన్నాడు. ఎవరైనా రెండు ముక్కలు వ్యాఖ్య రాస్తే తప్పకుండా జవాబివ్వమన్నాడు. దేముడు ఫోనులో ఒంటి వేలితో కొట్టుకుంటూ వర్క్‌షాపు సైరను మీద ఒకటి, తానుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కుళాయి తగాదాల మీద ఒకటి, మొత్తానికి నాలుగు రాశాడు. వాటిని పదకొండుసార్లు తెరిచి చూశారని లెక్క తేలింది. అందులో ఏడుసార్లు ఆయన భార్య చిట్టెమ్మే చూసింది.

నిజానికి ఆ నాలుగూ చేయి తిరగడానికి రాసినవి. దేముడు రాయాలనుకున్నది ఒక్కటే ఉంది. దాన్ని ఇవాళ పట్టుకొచ్చాడు, అయిదో రాతలో, మూడో పేరాగా పెట్టి.

ఇరవై ఆరేళ్ళ నాటి మాట. క్రేను గొలుసు సరిగా బిగించనిది దేముడు. చక్రాల జత జారి కింద పడింది. విచారణలో మాత్రం ఆయన పక్కనున్న జ్ఞానరత్నం వైపు వేలు చూపించాడు. జ్ఞానరత్నానికి ఆరు నెలలు సస్పెన్షను పడింది, ఆపైన రావలసిన ప్రమోషనూ పోయింది. ఆ జ్ఞానరత్నం ఎవరో కాదు, ఈ అనిల్ తండ్రి. దేముణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అనకుండానే మూడేళ్ళ క్రితం కన్నుమూశాడు. ఏటా క్రిస్మస్‌కి, ఈసారి చెప్పేద్దామనుకుంటూ దేముడు ఈ ఇంటికి వచ్చేవాడు. కేకు తిని వెళ్ళిపోయేవాడు.

నోటితో చెప్పలేనిది రాసి చెప్పవచ్చుననుకున్నాడు. లోకం చదివే ముందు జ్ఞానరత్నం కొడుకు చదవాలి. క్షమిస్తాడో, మెడపట్టి గెంటుతాడో తెలియదు. గెంటినా సరే, ఇంక మొయ్యడం తన వల్ల కాదు.

అనిల్ లాప్‌టాప్‌లో పేజీని నెమ్మదిగా పైకి జరిపాడు. మొదటి పేరా పొందిగ్గా ఉందన్నాడు. రెండోదీ సరిపోయిందన్నాడు. మూడోదాని దగ్గర ఆగిపోయాడు. తెర మీద వేలు పెట్టి, ఒక్కో లైనే దిగుతూ చివరిదాకా వచ్చాడు. దేముడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. టీ తెచ్చిన అనిల్ భార్య కిరణ్మయి, ఫ్యాను పెంచమంటారా అని రెండుసార్లు అడిగినా ఆయనకు వినపడలేదు.

“ఇది తీసెయ్ బాబాయ్,” అన్నాడు అనిల్.

“మొత్తం సూసినావా నాయనా?”

“ఆకరిదాకా సూసినాను. ఇదొక్కటే బరువైపోయింది. తీసేస్తే మిగతాది తేలిగ్గా నడిసిపోతాది.”

అది లేకపోతే ఇంక ఈ రాత ఎందుకని దేముడు గొణిగాడు. ఇన్నేళ్ళూ దాచింది చాలదా, నువ్వు కూడా దాచమంటావేమిటని అడగబోయాడు. అది మానేసి, అసలు సంగతే అడిగేశాడు.

“నీకు నామీద కోపం నేదా?”

అనిల్ నవ్వాడు. “కోపమెందుకు బాబాయ్? తప్పులు అందరూ సేస్తారు. ఒగ్గేయ్.”

దేముడి కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. అనిల్ కంగారుపడ్డాడు. రాసిందాన్ని చేతులారా తుడిచెయ్యాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుందని, మొదట్లో తనకూ అలాగే ఉండేదని ఓదార్చాడు. ఎంత సున్నితంగా మాట మారుస్తున్నాడో చూడు, తండ్రి పోలికే వచ్చిందని దేముడు మురిసిపోయాడు. జ్ఞానరత్నం బతికి ఉన్నా ఇదే మాట అనేవాడనిపించింది. ముక్కు తుడుచుకుని, అదే ఒంటి వేలితో మూడో పేరా మొత్తాన్నీ తనే చెరిపేశాడు.

మిగిలిన రెండు పేరాల తరవాత, పాఠకులను ఏదైనా ఒక ప్రశ్న అడిగి ముగించమన్నాడు అనిల్. వ్యాఖ్యలు వస్తాయట. మీ వర్క్‌షాపులో సైరను ఎన్నింటికి మోగేది అని రాసి, దేముడు బ్లాగులో పెట్టేశాడు. వెళ్ళేముందు అనిల్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఆ ఇంటి గుమ్మం తల ఎత్తి దాటాడు. సైకిలెక్కి, పాటేదో కూనిరాగం తీసుకుంటూ ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు సాగిపోయాడు.

కప్పులు తీస్తూ కిరణ్మయి, పెద్దాయన ఎందుకలా ఏడ్చాడని మొగుణ్ణి అడిగింది. పేరా కోసేసినందుకు బాధపడి ఉంటాడన్నాడు అనిల్. ఆమెకు ఎందుకో నమ్మకం కుదరలేదు.

“మావయ్య గురించేటైనా రాసినాడేటి అందులో?”

అనిల్ తెర మీద ఖాళీ అయిన చోటు వైపు చూసి తల గోక్కున్నాడు.

అతనికి తెలుగు చదవడం రాదు.