చిన్న తూము

తూము పలక మళ్ళీ పైకి లేచి ఉంది.

నిన్న సాయంత్రం దాన్ని స్వయంగా దించి వెళ్ళాడు కొత్త ఆపరేటరు. తెల్లారి వచ్చి చూస్తే నీళ్ళు హాయిగా పాత వాగులోకి, రాళ్ళ మీదుగా గలగలా పోతున్నాయి.

అతనికి ఒళ్ళు మండింది.

కొండవాగుకు అడ్డంగా కట్టిన చిన్న గోడకు ఉన్న తూము అది. ఆ గోడ దగ్గర నీళ్ళను కాలవలోకి మళ్ళించి, గొట్టంలో కిందికి దింపి టర్బైను తిప్పుతారు. కింద ఊరంతటికీ ఆ కరెంటే దిక్కు. ఎండలు ముదిరి వాగు సన్నబడింది. మధ్యాహ్నమయ్యేసరికి మిషను ఆగిపోతోంది. ఊరు అతన్ని తిట్టిపోస్తోంది.

"పెద్ద ఆనకట్ట అక్కర్లేదు, పొగ లేదు, బొగ్గు లేదు. దేశదేశాల్లో కొండ ఊళ్ళు ఈ దారే పడుతున్నాయి" అని ట్రైనింగులో చెప్పారు. టర్బైనులోకి వెళ్ళని ప్రతి చుక్కా దండగే అని కూడా చెప్పారు. ఆ రెండో మాట అతని బుర్రలో మేకులా దిగింది.

రిటైరై వెళ్తూ పాత ఆపరేటరు మాత్రం "ఆ చిన్న తూము జోలికి పోకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పని తప్పించుకునేవాడి మాటలే అనుకున్నాడు ఇతను.

మర్నాడు చీకటితోనే వచ్చి మాటు వేశాడు.

దొంగ దొరికింది. ముసలావిడ. కంచె పట్టుకుని నిదానంగా వచ్చి, పలక పైకెత్తి, పక్కనే ఉన్న గుండ్రటి రాయి మీద కూర్చుంది. మధ్యలో చిల్లున్న రాయి అది.

"ఏం పెద్దమ్మా, రోజూ ఇదేనా పని?"

ఆవిడ తడబడలేదు.

"కొత్త బూట్లా నాయనా? కరుస్తున్నట్టున్నాయే."

నిజమే, కరుస్తున్నాయి. అది ఈవిడకెందుకు?

"బూట్ల సంగతి తర్వాత. కింద నీకు పొలం ఉందా?"

"లేదు."

"పశువులు?"

"లేవు."

"మరి ఈ నీళ్ళతో నీకేం పని?"

"ఇంటికెళ్ళాలి కదా."

"వెళ్ళు. ఎవరొద్దన్నారు?"

అతనేదో హాస్యమాడినట్టు ఆవిడ నవ్వింది. ముఖం మాత్రం వాగు వైపే. మనిషి వైపు చూసి మాట్లాడదేం, ఇంత పొగరా అనుకున్నాడు.

"నీళ్ళిలా పోతుంటే ఆస్పత్రిలో ఫ్యాన్లు ఆగిపోతున్నాయి పెద్దమ్మా."

ఆవిడ నవ్వు ఆగింది.

"ఆస్పత్రిలోనా?"

"పురిటి వార్డులో కూడా."

అతను పలక దించేసి, తెచ్చిన తాళం వేశాడు.

"ఇదిగో, తాళం కూడా వేశా."

ఆవిడ చెయ్యి చాచి తాళాన్ని తడిమింది.

"గట్టిదే" అంది. "పోనీలే. ఆస్పత్రికే కదా."

అతను గెలిచినవాడిలా దిగి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఆవిడ రాలేదు. మిషను మధ్యాహ్నాలు కూడా తిరిగింది. ఊళ్ళో నలుగురూ పలకరిస్తుంటే అతని ఛాతీ ఉబ్బింది.

వారం తర్వాత సెలూన్‌కి వెళ్ళాడు.

"మీ పుణ్యమా అని ఫ్యాను ఆగట్లేదు సార్" అన్నాడు సెలూన్ ఆయన, గడ్డానికి నురగ పట్టిస్తూ. "కాకపోతే వాగు చప్పుడు లేక ఊరు బోసిపోయింది."

"చప్పుడుతో పనేముంది?"

"మనకేముంది సార్. పాపం, పిండిమర పెద్దమ్మకే. నిన్న మేనకోడలొచ్చి ఆవిణ్ణి సిటీకి తీసుకుపోయింది. పోయిన వారం పొద్దున్నే తూము దగ్గర్నుంచి ఇంటికి బయల్దేరి, దారి తెలీక మధ్యాహ్నం దాకా ఎండలో కొండంతా తిరిగిందట. ఇక ఒంటరిగా ఉంచనంది ఆ పిల్ల."

"ఉన్న ఊళ్ళో దారి తెలీకపోవడమేంటి?"

కత్తి ఆగింది.

"ఆవిడకి కళ్ళు కనబడవు కదా సార్. కాలవ హోరు విని పైకెక్కుతుంది. దిగేటప్పుడు ఆ హోరు వెనకబడిపోతుంది, అందుకని వాగు చప్పుడు ఎడం పక్కన పెట్టుకుని ఇంటికి చేరుతుంది. మీకు తెలీదా?"

ఊరందరికీ తెలిసిన సంగతి. అందుకే అతనికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ కూడా అతనికి తెలుసనే అనుకుంది.

జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది. అతనికి సిగ్గేసింది. అద్దంలో తన ముఖం తనే చూసుకోలేకపోయాడు.

"పిండిమర అంటున్నారు. అదెక్కడుంది?" అని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెక్కడిది సార్? మీ గోడ కట్టిన చోటే ఉండేది, దాని రాయి ఇంకా అక్కడే పడి ఉంది. వాగు నీళ్ళతో తిరిగే మర. మరా, జాగా, ఆ నీటి మీద హక్కూ అన్నీ ఊరి కరెంటు కోసం ఊరికే ఇచ్చేసి, ఆ చిన్న తూమొక్కటే తనకోసం ఉంచుకుంది సార్ ఆవిడ."