బీడింగు పట్టీలు

"ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు," అంది భారతీదేవి, షెడ్డులో అడుగుపెడుతూనే.

మెకానిక్ ధనరాజు పెట్టేశాడు. తెల్ల అంబాసిడర్ తలుపు మీది మెరుపు బీడింగు సగం ఊడి వేలాడుతోంది. మిగతా తలుపుల పట్టీలు అప్పటికే నేలమీద ఉన్నాయి.

"దాంతో పొడిస్తే పట్టీ వంకరపోదూ? రేకు గీసుకుపోదూ? గుడ్డ చుట్టిన చెక్కముక్కతో ఒక్కో క్లిప్పూ లేపమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సెప్పారమ్మగారూ. ఆదివారం దిగపహండిలో పెళ్లికి బండి ఎల్లాలి కదా, తొందరలో..."

"పెళ్లికొడుకు ఎక్కే కారుని గీతలతో పంపిస్తావా?"

బరంపురంలో ఆడవాళ్లు రిక్షా ఎక్కడానికే ముందూవెనకా చూసుకునే రోజుల్లో భారతీదేవి ఈ కారు తోలుకుంటూ తమ పట్టుచీరల కొట్టుకి వెళ్లేది. ఒక్కతే రంభ ఊరి దాకా పోయి, చిలికా సరస్సు చూసి వచ్చేది. అలాంటి మనిషి కళ్లెదుట కారుని స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఒళ్లు మండదూ మరి?

ధనరాజు భార్య దానమ్మ టీ తెచ్చింది. గ్లాసు అందుకోబోతూ, మూత తీసి ఉన్న పుట్టీ డబ్బా చూసింది భారతీదేవి.

"ఇదేమిటి? పుట్టీ ఎందుకు?"

ధనరాజు తల గోక్కున్నాడు. "క్లిప్పుల కన్నాల్లోంచి నీళ్లెల్లి తలుపులు తుప్పట్టేస్తన్నాయమ్మా. కన్నాలు పూడ్సేసి రంగు కొట్టేద్దామని. ఇప్పుడెవులూ బీడింగు ఎయ్యటం నేదు."

భారతీదేవి మొహం ఎర్రబడింది. కన్నాలు పూడితే ఆ పట్టీలు ఇక జన్మలో తిరిగి ఎక్కవు.

"ఎవర్నడిగి పూడుస్తావు?"

దానమ్మ ఏదో అనబోయింది. ధనరాజు కళ్లతోనే వారించాడు.

"నిన్నే అడుగుతున్నాను. బీడింగు లేకపోతే అది అంబాసిడరేనా? కనుబొమ్మలు గొరిగేసిన మొహంలా ఉంటుంది. తుప్పు పడితే గీకి ప్రైమర్ పుయ్యి. కన్నానికి రబ్బరు వాషరు పెట్టి, గ్రీజు రాసి క్లిప్పు కొట్టు. ఒళ్లు వంగక పుట్టీ కనిపెట్టారు మీరంతా."

ధనరాజు డబ్బా మూత బిగించేశాడు.

శుక్రవారానికి రంగు ఆరింది. పట్టీలు ఎక్కించే వేళకి ఆవిడ మళ్లీ ఆటో దిగింది. స్టూలు వేయించుకుని కూర్చుని, ఒక కన్ను మూసి వరస చూసింది. వెనక తలుపు పట్టీ ముందుదానికంటే వెంట్రుకవాసి కిందికుందని ఊడదీయించింది. మళ్లీ పెట్టాక మళ్లీ ఊడదీయించింది. "నీ చేతికి కళ్లు లేవా?" అని దులిపేసింది. ధనరాజు చెమట తుడుచుకుని వరస కోసం కొత్త టేపు అంటించి, గీత సరిచూసి పట్టీ కొట్టాడు.

చివరికి ఆవిడ లేచి, హెడ్‌లైటు నుంచి డిక్కీ దాకా పట్టీ మీద అరచేయి ఆనించి నడిచింది. ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు.

"బంపరు బోల్టులు వదులుగా ఉన్నాయి. పెళ్లయ్యాక వచ్చి చూస్తాను," అని కసిరి ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా దానమ్మ పళ్లు బిగపట్టి ఆగింది.

"మనవేటి ఆవిడ జీతగాళ్లమా? ఎన్నాళ్లు పడతావు? ఒక్కసారి నోరిప్పి సెప్పలేవా?"

"సెప్తే, మరి ఆవిడ రారే," అన్నాడు ధనరాజు.

ఆ కారును ఆవిడ ధనరాజుకు అమ్మేసి మూడేళ్లయింది.