పక్క కుర్చీలో ఆవిడ

శాలువా తీసి చూస్తే కింద అత్తగారు లేరు. చేతిసంచి, దానిమీద గాలి ఊదిన మెడదిండు ఉన్నాయి.

కోడలికి గుండె ఆగినంత పనైంది. ఇంతసేపూ ఆవిడ నిద్రపోతున్నారనుకుని, వెనక సీట్లో పాటలు పాడుతున్నవాళ్ళ నోరు మూయించింది కూడా తనే. బస్సు బయల్దేరే ముందు టూరు మేనేజరు అందరూ ఎక్కారా అని అడిగితే, మావాళ్ళంతా ఉన్నారని దర్జాగా చెయ్యెత్తిందీ తనే. మావాళ్ళంతా అంటే ఇద్దరు, అందులో ఒకరు సంచి. అత్తగారికి కిటికీ పక్క సీటంటే ప్రాణం. ఎక్కడ దిగినా తన సీట్లో ఇంకెవరూ కూర్చోకుండా సామాను పేర్చి, శాలువా కప్పి మరీ దిగుతారు.

మేనేజరు తల పట్టుకున్నాడు. సాయంత్రం విమానం. బస్సు వెనక్కి తిప్పితే అందరికీ తప్పిపోతుంది. చివరికి కోడల్ని దారిలో దింపి, టాక్సీ మాట్లాడి ఎక్కించాడు. అమ్మగారు దొరగ్గానే నేరుగా విమానాశ్రయానికి వచ్చెయ్యమన్నాడు. దొరక్కపోతే ఏం చెయ్యాలో అతనూ చెప్పలేదు, తనూ అడగలేదు.

టాక్సీ ఎక్కిందో లేదో ఆడపడుచు ఫోను. అమ్మ ఏం చేస్తోందని అడిగింది.

"పడుకున్నారు," అంది కోడలు.

అయితే లేపొద్దంది ఆడపడుచు. అమ్మ నీ చేతుల్లో ఉంది కాబట్టి మేమిక్కడ నిశ్చింతగా ఉన్నాం వదినా, అని కూడా అంది. ఆ మాటతో కోడలికి కన్నీళ్ళు ఆగలేదు. అత్తగారి దగ్గర ఫోను లేదు. ఈ దేశపు భాష ఒక్క ముక్క రాదు. దిగిన హోటలు పేరు అడిగితే, పరుపులు మెత్తగా ఉంటాయే ఆ హోటలు అంటారు. పొద్దున్న మెల్లగా నడుస్తున్నారని ఆవిణ్ణి విసుక్కున్న సంగతి గుర్తొచ్చి మరీ బాధేసింది. దేవుడా, ఆవిడ కనబడితే చాలు, ఇక జన్మలో విసుక్కోను అనుకుంది.

పొద్దున్న బస్సు ఆగిన చోట అత్తగారు లేరు. చెట్టు కింద బల్లల మీద లేరు, బాత్రూముల దగ్గర లేరు, బొమ్మల దుకాణంలో లేరు. కోడలు తన ఫోనులో ఆవిడ ఫోటో తీసి కనబడ్డవాళ్ళకల్లా చూపించింది. అందరూ జాలిగా తల అడ్డంగా ఊపేవాళ్ళే. ఆఖరికి రొట్టెల దుకాణంలో ఒకావిడ ఫోటో చూసి ఆగింది. చేతికంటిన పిండి తుడుచుకుని, దుకాణం తలుపు మూసి, కోడలి చెయ్యి పట్టుకుని నడిపించింది. చెయ్యి అంత మెత్తగా పట్టుకోవడం కోడలికి నచ్చలేదు. మంచి వార్త చెప్పబోయేవాళ్ళు అలా పట్టుకోరు.

సందు తిరగ్గానే ఒక ఇల్లు. గుమ్మానికి రెండువైపులా తెల్ల పూలగుత్తులు. వాకిట్లో తలలు వంచుకుని నిలబడ్డ జనం. కోడల్ని చూడగానే అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. గోడ పట్టుకుని ఎలాగో లోపలికి అడుగేసింది.

"వచ్చావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

హాల్లో గోడల వెంట కుర్చీలు. కోట్లు కూడా విప్పకుండా, ఒళ్ళో సంచులు పెట్టుకుని కూర్చున్న మనుషులు. వాళ్ళ మధ్య అత్తగారు నిక్షేపంగా కాఫీ తాగుతున్నారు. ఆవిడ రెండో చేతిని ఒడిసి పట్టుకుని, పక్క కుర్చీలో ఇంకో పెద్దావిడ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినా మొహం తేటగా ఉంది. కోడలు నేలమీద కూలబడి, అత్తగారి ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఎవరి ఇల్లు, ఎవరు చూస్తున్నారు అనే ధ్యాసే లేదు. ఆవిడ ఉన్నారు, వెచ్చగా ఉన్నారు, కాఫీలో చక్కెర తక్కువైందని అంటున్నారు. ఇంకేం కావాలి.

ఆ ఇంటి కొడుకు కోడల్ని పక్కకి పిలిచాడు. తన ఫోనుతో ఏదో మాట్లాడి, దాని తెరమీద పడ్డ తెలుగు అక్షరాలు చూపించాడు. వాళ్ళ నాన్న పోయాడట. అప్పట్నించీ వాళ్ళమ్మ ఎవరితోనూ పలకలేదు, కంట తడి పెట్టలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆమె కూడా దక్కదేమోనని అందరూ భయపడుతున్నారు. అంతలో ఈ పెద్దమ్మ తలుపు తోసుకుని వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారట. అంతే, వాళ్ళమ్మ బావురుమంది. ఏడుపు తగ్గాక దుకాణం ఆవిడ తెచ్చిన రొట్టె ఇద్దరూ చెరి సగం తిన్నారట. "మీరు మా అమ్మని మాకిచ్చారు," అన్న అక్షరాలు చూపించి కోడలి చెయ్యి పట్టుకున్నాడు.

విమానాశ్రయానికి వాళ్ళే కారు మాట్లాడి పంపించారు. పెద్దావిడ గేటు దాకా వచ్చి, అత్తగారిని గట్టిగా కావలించుకుని వదల్లేక వదిలింది.

కారు కదిలాక కోడలు అత్తగారినే చూస్తూ కూర్చుంది. ఈ ప్రయాణంలో కోటలు చూసింది, మెడ నొప్పెట్టేదాకా మేడలు చూసింది. అవన్నీ ఈవిడ ముందు ఎందుకూ కొరగావనిపించింది. భాష రాదు, ముక్కూ మొహం తెలీదు. అయినా ఒక ఇంట్లో కష్టం ఉందని గుమ్మంలోనే పసిగట్టి, వెళ్ళి చెయ్యి పట్టుకున్నారు.

"మీరు దేవత అత్తయ్యా. ఇంతకీ ఆవిడకి ఏం చెప్పారు?"

"చెప్పడానికేముందే, పాపం ఆవిణ్ణీ నాలాగే బస్సువాళ్ళు మర్చిపోయి వెళ్ళిపోయారు కదా, కావాలని ఎవరూ మనల్ని వదిలిపోరమ్మా, కాస్త ముందెళ్ళారంతే, మనం వెళ్ళేదాకా అక్కడ మనకోసం చూస్తూనే ఉంటారు, అన్నాను."