ఓడిన పిల్లల పక్కన

"పాయె మేడమ్, మొత్తం పాయె," అన్నాడు రెహాన్.

కంప్యూటర్ల గదిలో పిల్లలంతా గొల్లున నవ్వారు.

ముస్రత్ కూడా నవ్వింది. పోయింది నిజం డబ్బు కాదు.

ఆదోనిలోని ఆ డిగ్రీ కాలేజీలో ఆమె కామర్స్ లెక్చరర్. బుధవారం మధ్యాహ్నాలు పిల్లల చేత షేర్ల ఆట ఆడించేది. తలా పది లక్షల ఉత్తుత్తి రూపాయలు. ధరలు మాత్రం నిజం బజారువే. ఏడాది చివర ఎక్కువ సంపాదించినవాళ్ళకు కప్పు.

సొంతూరు గూడూరు. ఆదోనిలో ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. మేడమీద గదిలో ఒక్కతే వండుకునేది, ఒక్కోరోజు అదీ లేదు. వారమంతా బుధవారం కోసమే ఎదురుచూసేది. ఆ కాసేపు తన చుట్టూ మనుషుల సందడి ఉండేది.

రెహాన్ తల వంచుకున్నాడు. వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"పోతే పోనీలేప్పా. అన్నం తింటివా?"

ఆయన పేరు లక్ష్మప్ప. దేవనకొండ దగ్గర పల్లె. దసరా సెలవులయ్యాక ఒక బుధవారం గుమ్మంలో నిలబడి, "ఈడ కూసుంటానమ్మా, సూస్తాను," అని అడిగాడు. ఎవరో పిల్లవాడి తాలూకు అనుకుని ఆమె సరేనంది. ఆ తర్వాత ఏ వారమూ మానలేదు.

తెర వైపు చూసేవాడు కాదు. గెలిచినవాళ్ళను పలకరించేవాడు కాదు. ఆ రోజు ఎవరు బాగా పోగొట్టుకుంటే వాళ్ళ పక్కన చేరేవాడు. అడిగేది ఆ ఒక్క మాటే.

ఒకసారి ఆమెనూ అడిగాడు. "నువ్వు తింటివామ్మా?"

"ఆఁ," అంది ముస్రత్. తినలేదు.

రెహాన్ ఓడిన ఆ బుధవారమే ముందు వరసలోని ప్రియాంక మూతి ముడుచుకుంది. "ఓడిపోయినోళ్ళకే ఇంత మర్యాదయితే మేమెందుకు గెలవల్ల మేడమ్?"

ముస్రత్‌కు చురుక్కుమంది. ఆట అయ్యాక లక్ష్మప్పను వరండాలోకి పిలిచింది.

"మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా?"

"లేరమ్మా."

"మరి ఎందుకొస్తున్నారు?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఊరికే."

"నష్టమంటే ఏమిటో పిల్లలకు తెలియాలండీ. మీరిలా బుజ్జగిస్తుంటే ఆ నొప్పి వాళ్ళకు తెలియదు. ఇక రావద్దు."

"నొప్పి తెలుస్తాదిలేమ్మా," అన్నాడాయన మెల్లగా. "పోయొస్తా. పిల్లోళ్ళు పైలం."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి వారం వెనక బెంచీ ఖాళీగా ఉంది. ఆట మళ్ళీ ఊపందుకుంది. మార్చిలో కప్పు ప్రియాంకకు వచ్చింది. ఫోటోలు తీసుకుని అందరూ వెళ్ళిపోయారు.

రెహాన్ ఒక్కడే మిగిలాడు.

"లక్ష్మప్ప తాత ఇంక రాడా మేడమ్?"

"ఏం? ఎందుకు?"

అతను తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నేను ఫోన్లో నిజం దుడ్లు పెడతావుంటి మేడమ్. ఈడ ఆడినట్లే ఆడ్తి. మా అమ్మ మిషను కుట్టి దాచినవి. సగానికి పైన పోయినాయి. ఎవురికీ సెప్పలే. ఆ తాతకే సెప్పినా."

ముస్రత్ తలుపు దగ్గరికి వేసింది. "ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలే. నాతో మా ఇంటి దాకా నడిచినాడు. నేను అమ్మకు సెప్పేంత వరకూ పక్కనే కూసున్నాడు. అమ్మ ఏడ్సింది, కొట్టింది, అన్నం పెట్టింది. అప్పుడు లేసి పోయినాడు."

ఆదివారం ముస్రత్ బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళింది.

లక్ష్మప్ప ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద చెన్నమ్మ అనే ఆమె కందులు చెరుగుతోంది.

"ఆయప్ప సుగ్గికి పాయెనమ్మా. గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి."

"నేను ఆదోని కాలేజీ నుంచి వచ్చాను. ఆయన ఎప్పుడొస్తారు?"

"ఇంట్లో ఎవురుండారని వస్తాడు? ఊరంతా ముందే పాయె. ఆదోనికి పోవల్ల, ఆడ పిల్లోళ్ళుండారని ఆయప్పొకడు నిలబడినాడు. ఆమీద ఆడ పని లేదని ఆయప్పా పాయె." చెన్నమ్మ చేట పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు ముందర ఎమ్మిగనూరు కాలేజీలో సెప్పినావా?"

"చెప్పాను. ఆదోనికి రాకముందు."

"అయితే నువ్వేలే. ఆయప్ప కొడుకు మహేశ్వరుకు కప్పిచ్చినావంటనే."

ముస్రత్‌కు గుర్తొచ్చింది. తను మొట్టమొదట ఆడించిన ఆట. ఆ పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలిచి, నీకు ఈ విద్య అబ్బిందిరా అని అందరి ముందూ మెచ్చుకుంది.

"మహేశ్వర్ ఇప్పుడెక్కడున్నాడు?"

"యాడుండాడమ్మా. ఆ కప్పు తెచ్చుకున్నంక ఇంట్లో దుడ్లన్నీ ఫోన్లో పెట్టినాడు. అన్నీ పాయె. నాయనకు సెప్పలేక కాలవలో పడినాడు."

ముస్రత్ తాళం వేసిన తలుపు ముందు, గడప మీద కూర్చుండిపోయింది.

"నేనెవరో ఆయనకు తెలుసా?"

"తెలీకేమమ్మా, నీతో కొట్లాడేదానికే గదా మొదటిసారి ఆదోనికొచ్చినాడు, తిరిగొచ్చినంక మాత్రం, 'ఆ బిడ్డ తప్పేమీ లేదు సెన్నమ్మా, మావోడు ఓడిపోయిన దినం పక్కన కూసునేదానికి ఎవురూ లేకపాయె, అంతే' అన్నాడు."